గొంతులో తోడుకున్నది

మా అమ్మ వేలం పాడుతుంటే జెట్టీ మీద కాకులు కూడా వాలడానికి ముందు ఆలోచించుకుంటాయని మా నాన్న అనేవాడు. ఆయన బోటు డ్రైవరు. నెలలో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడు ముందు హార్బరు దీపం కనిపిస్తుందా, ముందు మా అమ్మ కాసులమ్మ గొంతు వినిపిస్తుందా అని బోటులో పందేలు కాసేవారట. పందేల సంగతి నాకు తెలియదు గాని, ఆ గొంతుతో తిట్లు తిని పెరిగినదాన్ని కాబట్టి దాని సత్తా నాకు తెలుసు.

ఆ రోజు పొద్దున నేను జెట్టీకి వెళ్ళింది ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి. అప్పుడప్పుడూ చేయించే మామూలు పరీక్షే. అమ్మ వంజరం చేపల కుప్ప ముందు నడుముకి కొంగు బిగించి నిలబడి ఉంది. చుట్టూ తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు, హోటళ్ళకి చేపలు కొనే మగవాళ్ళు.

"కిలో ఆరొందలు. ఆరొందలేటి, కళ్ళు తెరిసి సేపని సూసి సెప్పండి. ఆరొందల యాబై. ఒకటోసారి."

రెండోసారి అనడానికి ముందు ఆమె ఊపిరి లోపలికి తీసుకుంది. ఆ ఊపిరిలో ఒక సన్నని ఈల వినిపించింది. మూసిన తలుపు సందులోంచి గాలి దూరినట్టు. కొనేవాళ్ళెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చెవి ఒగ్గి విన్నాను. ఎందుకంటే ఆమె గొంతులో ఉన్న సరుకు తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకతెను.

"అమ్మా, ఆ ఈల ఎప్పట్నించి?" అన్నాను కుప్ప అమ్ముడయ్యాక.

"ఏ ఈల? గాలికి జలుబు సేసినాది. పద, బేగి ఎల్లొద్దుము. ఇంకా కానాగంత సేపల కుప్పుంది."

అసలు విషయం మొదట్నుంచీ చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు అమ్మకి థైరాయిడ్ గడ్డ తీసినప్పుడు గొంతులోకి వెళ్ళే ఒక నరం చచ్చుబడింది. గొంతులో రెండు స్వరతంతువులుంటాయి. రెండూ దగ్గరికొచ్చి తగిలితేనే మాట పుడుతుంది. ఒక చెయ్యి పడిపోయినవాడు చప్పట్లు కొట్టలేడు కదా, అమ్మ పరిస్థితి అలా అయింది. నోరు తెరిస్తే గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. వేలం పాట మా చిన్నాన్న చేతికి పోయింది. అమ్మ వెనకాల కూర్చుని ఐసు పగలగొట్టేది. ఆ ఏడాదంతా ఆమె ఎవరినీ తిట్టలేదు. మా ఇంట్లో అంతకన్నా దిగులు రోజులు నేను చూడలేదు.

నేను పని చేసేది గుణాకరరావుగారి ప్రయోగశాలలో. ఆయనది కోనసీమ. మనిషి మెత్తన, మాట మెత్తన, పొదుపు మాత్రం గట్టిది. మొదటిసారి అమ్మని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఆయనొక చిన్న గాజుసీసా చూపించారు. చూడటానికి అందులో ఉన్నవి నీళ్ళే. నిజానికి వాటిలో పొట్టి పెప్టైడ్‌లున్నాయి, అంటే ప్రోటీన్ గొలుసుల్లోంచి తీసిన నాలుగైదు పూసల ముక్కలు. దాంట్లో ఒక చుక్క ఉప్పునీళ్ళు వేసి, కాసేపాగి, సీసాని తలకిందులు చేశారు. ఒక్క బొట్టు కూడా జారలేదు.

అమ్మ దాన్ని కిందనించీ పైనించీ చూసి, "పెరుగా?" అంది గాలి గొంతుతో.

"అలాంటిదేనమ్మా," అన్నారాయన మురిసిపోయి. "ఎవరూ అల్లక్కర్లేదండి. ఆ ముక్కలు వాటంతటవే దారాలై అల్లుకుని నీళ్ళని పట్టేసుకుంటాయి. దీన్ని మీ పడిపోయిన తంతువులోకి సూదితో ఎక్కిస్తే, అది ఉబ్బి రెండోదాని పక్కకి వస్తుంది. మళ్ళీ చప్పట్లు మోగుతాయి."

అలాంటి జెల్‌లు అంతకు ముందూ ఉన్నాయి. కొన్ని నెలల్లో ఒళ్ళు వాటిని తినేస్తుంది, మళ్ళీ సూది పొడిపించుకోవాలి. మా జెల్ గొప్పతనమేమిటంటే అది అరిగిన చోటల్లా ఒంట్లో తిరిగే ప్రోటీన్ తుక్కుని ఏరుకుని తనను తానే పూడ్చుకుంటుంది. ఎంత అరిగితే అంతే, అంతకు మించి ఒక్క నలుసు కూడా పెరగదు. కుందేళ్ళలో రెండేళ్ళు నిలబడింది. మనుషుల్లో పరీక్షించడానికి అనుమతి వచ్చింది.

అమ్మకి ఎక్కించిన రోజే పక్క మంచం మీద దాలినాయుడుగారికి కూడా ఎక్కించారు. ఆయన బొబ్బిలి వైపు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టే మనిషి. ఏదో విషజ్వరం వచ్చి ఆయన గొంతూ పడిపోయింది. గొంతు డాక్టర్ షమీమ్ ఇద్దరినీ మర్నాటి దాకా మాట్లాడొద్దన్నారు. మర్నాడు ఆవిడ వచ్చి, "ఏదైనా అనండమ్మా," అంటే అమ్మ గొంతు సవరించుకుని, "ముందా ఫేను ఆపండి, రేత్రంతా సలికి సచ్చిపోనాను," అంది. వార్డు దద్దరిల్లింది. దాలినాయుడుగారు ఫక్కున నవ్వారు. నవ్వాక, తన నవ్వుకి శబ్దం ఉందని తెలిసి ఏడ్చారు. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు. ఫోనులో మాట్లాడుకుంటే వీధి మొత్తానికీ వినిపించేది.

ఆ రోజు సంతోషం నాకు ఇప్పటికీ గుర్తే. దాన్ని తక్కువ చేసి చెప్పను.

*

ఈల వినిపించిన ఆ పొద్దున డాక్టర్ షమీమ్ అమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతు చూస్తున్నంతసేపూ ఒక్క చేప ధర కూడా అడగలేదు. మామూలుగా ఆవిడ వేలం ధరలు అడుగుతూ పని చేస్తారు. చూడటం అయ్యాక నన్ను పక్కకి పిలిచి తెర మీద బొమ్మ చూపించారు. జెల్ ఉన్న తంతువు మధ్యగీత దాటి అవతలికి పొంగి ఉంది. ఊపిరి వెళ్ళాల్సిన దారి సగానికి పైగా మూసుకుపోయింది.

"ఇది వాపు కాదు రత్నం. మీ జెల్ పెరుగుతోంది," అన్నారు.

"పెరగదు మేడమ్. పెరగకుండా కట్టాం."

"నువ్వేం కట్టావో నాకు తెలీదు. నేను చూస్తున్నది చెప్తున్నాను. ఇలాగే వెళ్తే దారి పూర్తిగా మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు."

అమ్మని ఆస్పత్రిలోనే ఉంచమన్నారు. కానాగంతల కుప్ప గురించి అమ్మ చేసిన రభసకి నర్సులు పరుగెత్తుకొచ్చారు. అరిచిన ప్రతిసారీ ఆ ఈల కాస్త పెద్దదవడం నేను విన్నాను. అప్పుడే ఒక అనుమానం పుట్టింది. అమ్మని బతిమాలి మంచమెక్కించి, మూడు కిలోమీటర్లు ఆటోలో ప్రయోగశాలకి వెళ్ళాను.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. వర్షాకాలంలో జెల్ ఒక్కోసారి తోడుకునేది కాదు. సీసా వంచితే నీళ్ళలా కారిపోయేది. అలాంటి ఒక శ్రావణంలో గుణాకరరావుగారు, బాగా గట్టిపడిన పాత సీసాలోంచి సూదిమొనంత తీసి కొత్త సీసాలో వేశారు. కాఫీ తాగి వచ్చేసరికి అది రాయిలా తోడుకుని ఉంది. అప్పట్నుంచి అదే పద్ధతి. ప్రతి బ్యాచ్‌లోనూ అన్నిటికన్నా తొందరగా, గట్టిగా తోడుకున్న సీసాని కడగకుండా తరవాతి బ్యాచ్‌కి తోడుగా దాచేవాళ్ళం. తోడు గిన్నె ఖాళీ చేయకూడదని ఇంట్లో అమ్మలు చెప్పినట్టే ఆయనా చెప్పేవారు. ఇదేం పద్ధతని ఎవరికీ అనిపించలేదు. అనుమతి కమిటీకి కూడా దాచకుండా చెప్పాం. కమిటీలో కూర్చున్నవాళ్ళూ పెరుగన్నం తినేవాళ్ళే. తలూపారు.

నేను మంచుపెట్టెలోంచి రెండు సీసాలు తీశాను. ఒకటి తోడు వెయ్యని కాలం నాటి మొదటి జెల్. రెండోది అమ్మకి ఎక్కించిన బ్యాచ్. రెంటి మీదా ఒంట్లో ఉండేలాంటి ప్రోటీన్ ద్రవం పోసి, జెల్ ఎక్కడుందో అక్కడ గీతలు గీసి, ముందు కదపకుండా ఉంచాను. రెండూ గీత దాటలేదు. మేము ఎప్పుడూ చేసిన పరీక్ష అదే. కుందేళ్ళలోనూ అంతే. కుందేలు నోరు విప్పి వేలం పాడదు.

తరవాత రెంటినీ గొంతు వణికినట్టు వణికించే మిషన్ మీద పెట్టాను. జెల్‌లు రెండూ విరిగి జారిపోయాయి. మిషన్ ఆపాను. మొదటిది మళ్ళీ తోడుకుని సరిగ్గా తన గీత దగ్గర ఆగింది. రెండోది గీత దాటింది. మళ్ళీ వణికించాను. మళ్ళీ దాటింది. మూడోసారికి సీసా మెడ దాకా వచ్చింది.

గుణాకరరావుగారు ఎప్పుడొచ్చారో, వెనకాల నిలబడి చూస్తున్నారు.

"ఆపమ్మా రత్నం. మిషనాపు," అన్నారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "తొందరగా తోడుకున్నదాన్నే దాచుకుంటూ వచ్చాం కదా మనం."

"అవును సార్."

"ఎందుకు తొందరగా తోడుకుంటుందంటావు? దాని దారాలు తేలిగ్గా విరుగుతాయి. విరిగిన ప్రతి ముక్కకీ రెండు కొసలు. ప్రతి కొసా మళ్ళీ అల్లుకోవడం మొదలెడుతుంది. అలా విరిగేదాన్ని ఏరి ఏరి, తరం తరవాత తరం పెంచాం. మా అమ్మ కూడా పాత తోడు పులిసిపోతే పారబోసి, పక్కింటికి గిన్నె ఇచ్చి పంపేది. ఆ మాట నాకు గుర్తుంది. దీనికి వర్తిస్తుందని తట్టలేదు."

"మా అమ్మ మాట్లాడినప్పుడల్లా విరుగుతోంది సార్," అన్నాను. "మెత్తగా మాట్లాడితే కాస్త. వేలం పాడితే పూర్తిగా."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుస్తూనే ఉండిపోయారు. నాకు ఆయన మీద కోపం ముంచుకొచ్చింది. ఆ సీసాల్ని నేనూ ముద్దుగా దాచినదాన్నేనని గుర్తొచ్చి ఆ కోపం ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

"ఈ బ్యాచ్ ఇద్దరికే వెళ్ళింది," అన్నారు చివరికి. "మీ అమ్మగారికి, దాలినాయుడుగారికి."

*

విరుపుమందు ఒకటి మా దగ్గరుంది. గాజుసీసాల్లో అంటుకున్న జెల్ వదిలించడానికి తయారుచేసుకున్నది. అదీ ఒక పెప్టైడే. దారాల కొసలకి అడ్డంగా అతుక్కుని, ఇంకేమీ చేరకుండా చేసి, మెల్లగా విడగొడుతుంది. దాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించేంత శుభ్రంగా తయారుచేయడానికి మర్నాటి దాకా పడుతుందని గుణాకరరావుగారు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. అనుమతుల కోసం కమిటీకి ఆయనే ఫోను చేసి, ఏం జరిగిందో ఒక్క ముక్క దాచకుండా చెప్పడం నేను విన్నాను.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి అమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని, కొబ్బరి చట్నీలో ఇడ్లీ ముంచుకు తింటోంది.

"అమ్మా, నేను చెప్పేది విను. మధ్యలో మాట్లాడకు. మాట్లాడితే నీ గొంతులోది పెరుగుతుంది."

అంతా చెప్పాను. ఆమె ఇడ్లీ పక్కన పెట్టింది.

"అంటే, అరిస్తే సస్తాను. అరవకపోతే బతుకుతాను."

"అరవడమే కాదు. మాట్లాడకూడదు. రేపు మందు ఎక్కిస్తాం. అది కరిగిపోతుంది."

"కరిగిపోనాక?"

నేను గోడకేసి చూశాను. గోడకి టీకాల పోస్టరు ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను.

"ఇంక మాట రాదమ్మా. మళ్ళీ జెల్ వేయడానికి కూడా కుదరదు. లోపల ఒక్క నలుసు మిగిలినా చాలు, కొత్తదాన్ని కూడా తన దారిలోకి తిప్పుకుంటుంది."

అమ్మ నన్ను చూసింది. చేపల్లో ఐసు వేసి నిన్నటివి ఇవాళ్టివిగా అమ్మబోయినవాణ్ణి చూసే చూపు అది.

"ఇచ్చినోల్లే ఒట్టుకుపోతన్నారన్నమాట," అంది.

ఆ తరవాత ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అలిగిందో, నేను చెప్పినట్టు విన్నదో తెలియలేదు. మంచినీళ్ళు కావాలంటే గ్లాసుని మంచం ఇనప చువ్వకేసి కొట్టేది. నర్సు రావడం ఆలస్యమైతే చెంచాతో పళ్ళెం మీద దరువు వేసేది. మాట లేకుండా కూడా మా అమ్మ ఒక వార్డుని నిద్రపోనివ్వకుండా ఉంచగలదని ఆ మధ్యాహ్నం తెలిసింది. చెంచా చప్పుడు విన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. ఆగితే వెళ్ళి ఊపిరి వినేదాన్ని.

డాక్టర్ షమీమ్ దాలినాయుడుగారికి అప్పటికే ఫోను చేశారు. ఆయన నవ్వి, తనకేమీ లేదని, తీరిక చూసుకుని వస్తానని పెట్టేశారట. నేను అమ్మ మంచం పక్కనే నిలబడి, స్పీకరు పెట్టి మళ్ళీ చేశాను. ఫోనులో వెనకాల ఎవరో హార్మోనియం సరిచూసుకుంటున్నారు.

"పాపా, నువ్వు సదువుకున్నదానివి, నీ మాట కాదనను," అన్నారాయన. "కానీ ఇయాల మా ఊరి పండగ. గొంతు తిరిగొచ్చాక సొంతూళ్ళో ఇదే మొదటి నాటకం. మా ఊరోళ్ళు నాను పోనాననుకున్నారు. మొకానికి రంగేసేసినాను. రేపు తెల్లారి బస్సుకి ఒచ్చేస్తాను గదా."

"రేపటిదాకా వద్దు బాబాయ్. మీరు పద్యం చివర రాగం తీస్తారు కదా, ఆ రాగమే ప్రమాదం. ఆ వణుక్కి అది విరిగి, అక్కడే పెరిగి, స్టేజీ మీదే ఊపిరి ఆగిపోతుంది. అక్కడ గొంతు కోసి గొట్టం వేసే డాక్టరు ఉండడు."

"మనకి శాస్త్రం తెల్దు. రాగం తియ్యని పద్యం, ఉప్పు లేని పప్పు. రేపొత్తాను పాపా."

ఫోను పెట్టేయబోతున్నారు. అప్పటిదాకా గ్లాసు పట్టుకుని వింటున్న అమ్మ చెయ్యి చాచి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. నేను మళ్ళీ లాక్కోబోతే చెంచాతో నా వేళ్ళ మీద ఒక్కటేసింది. చిన్నప్పుడు పచ్చడి జాడీలో చెయ్యి పెడితే వేసేది అలా.

"నాయుడూ," అంది. "కాసులమ్మని."

"అక్కా, నువ్వా. సూడు, మీ పాప నన్ను..."

"రాగం తియ్యకు."

ఊపిరి తీసుకుంది. ఈల వార్డు చివరి దాకా వినిపించింది.

"నానిక్కడ... ఊపిరికి వేలం పెట్టి కూకున్నాను. ఎవులూ పాట ఎయ్యట్నేదు."

నేను అమ్మ భుజం పట్టుకుని, చాలమ్మా, చాలు, అంటున్నాను. ఆమె నా చెయ్యి విదిలించింది. ఫోనులో అవతల హార్మోనియం ఆగింది.

"అక్కా. ఆ ఈలేటి?"

"నాదే."

తరవాత దాలినాయుడుగారి గొంతు వచ్చింది, రాజు గొంతు కాదు, మామూలు మనిషి గొంతు.

"నాకూ పొద్దున్నించి అదే సప్పుడొత్తంది. హార్మోనీ తిత్తి సిరిగిందేమోనని ఆడిని తిట్టినాను."

"కిరీటం తీసీ," అంది అమ్మ. ఒక్కో మాటకీ మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. "బండెక్కు. ఇప్పుడే. ఒకటోసారి."

"అక్కా, నువ్వు మాటాడకు."

"రెండోసారి."

మూడోసారి రాలేదు. నోరు తెరిచే ఉంది. గాలి లోపలికి వెళ్ళడం లేదు. ఫోను పక్క మీద పడింది. అందులోంచి ఆయన, ఒత్తన్నానక్కా, ఒత్తన్నాను, అంటూనే ఉన్నారు.

నేను అరిచిన అరుపు నాకే వినిపించలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి, ఎప్పుడూ చేసే అలవాటుగా, ఉప్పునీటి ఆవిరి పట్టే మాస్కు అమ్మ ముఖానికి పెట్టబోయింది. ఉప్పు తగిలితే జెల్ ఇంకా బిగుస్తుంది. ఆ మాస్కు లాగి నేలకేసి కొట్టాను. "ఉప్పునీళ్ళు వద్దు, వద్దు," అంటుండగా డాక్టర్ షమీమ్ నన్ను పక్కకి తోసి అమ్మ మెడ కింద కత్తి పెట్టారు. అమ్మ పెదవులు నీలంగా మారిపోయి ఉన్నాయి. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఆ చేతిలో చెంచా ఇంకా ఉంది.

గొట్టం లోపలికి వెళ్ళాక, మెడ దగ్గర్నుంచి బుస్సుమని గాలి వచ్చింది. దాన్ని మించిన సంగీతం నేను వినలేదు.

*

పొద్దు కుంకేసరికి దాలినాయుడుగారు వచ్చారు. ముఖం సగం రంగు, సగం చెమట. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. కాపలావాళ్ళు లోపలికి పంపకపోతే, రాజు వేషంలోనే వరండాలో కూర్చుని, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎగపోస్తూ డాక్టరు కోసం ఎదురుచూశారు. ఆయన గొంతులో ఇంకా కాస్త దారి మిగిలి ఉంది. ఒక్క పద్యం పాడి ఉంటే ఆ కాస్తా ఉండేది కాదని డాక్టర్ షమీమ్ తరవాత నాతో అన్నారు.

మర్నాడు గుణాకరరావుగారు విరుపుమందు తన చేతులతో తెచ్చారు. గడ్డం గీసుకోలేదు. అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మీ గొంతు నేను ఇచ్చాననుకుని పొంగిపోయానమ్మా," అన్నారు. మెడలో గొట్టంతో అమ్మ ఆయన్ని చూసి, కుర్చీ వైపు చెయ్యి చూపించింది. కూర్చోమని.

మందు పని చేసింది. గొట్టం తీసే రోజు వచ్చింది, మెడ మీద గాయం మానింది. జెల్ పోయింది, తంతువు మళ్ళీ పడిపోయింది. ఇద్దరికీ అంతే. నాన్న సముద్రం నుంచి వచ్చిన రోజు, బోటు హార్బరులోకి తిరుగుతుంటే ముందు దీపమే కనిపించిందట. ఆ పందెంలో ఎవరు గెలిచారని నేను అడగలేదు.

నేను అదే ల్యాబ్‌లో ఉన్నాను. పాత సీసాలన్నీ గుణాకరరావుగారు ఒక్కొక్కటీ తనే మరిగించి కడిగారు. ఇప్పుడు ప్రతి బ్యాచ్ కొత్తగా, తోడు లేకుండా మొదలవుతుంది. ప్రతి సీసానీ మిషన్ మీద వణికించి చూస్తాం. వర్షాకాలంలో సగం సీసాలు తోడుకోవు. పారబోస్తాం. ఆయన ఇంట్లో పెరుగు ప్యాకెట్లే కొంటున్నారని విన్నాను, ఎంతవరకు నిజమో తెలియదు.

వేలం మళ్ళీ మా చిన్నాన్న చేతికి వెళ్ళింది. అయితే అమ్మ ఐసు దగ్గరికి వెళ్ళలేదు. కుప్ప పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. ధర తక్కువకి కొట్టేయబోతే తట్ట మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి తీసేదాకా మూడోసారి అనడానికి చిన్నాన్నకి గుండె చాలదు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున దాలినాయుడుగారు జెట్టీకి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. మనిషి చిక్కిపోయారు. ఇప్పుడు నాటకాల్లో వేరేవాళ్ళు పాడుతుంటే పక్కన కూర్చుని తాళం వేస్తున్నారట. అమ్మ పీట పక్కన తిరగేసిన చేపల డబ్బా మీద కూర్చున్నారు. ఇద్దరికీ మిగిలింది గుసగుసే. బోట్ల ఇంజన్ల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే తలలు దగ్గర పెట్టుకోవాలి. నేను వంగి విన్నాను.

"అక్కా, ఆ రోజు నువ్వు ఫోనులో మాటాడకపోతే నాను స్టేజీ మీదే పోదును," అన్నారాయన.

అమ్మ తల ఊపింది.

"అలగ పోతేనే బాగున్ను అని రోజుకోపాలి అనిపిస్తాది."

రోజుకోసారి అని వినగానే నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. అమ్మ ఆయన వైపు తిరిగింది. కళ్ళు చికిలించి, సరుకుని తక్కువ ధరకి అడిగినవాణ్ణి చూసినట్టు చూసింది.

"రోజుకొక్కపాలేనా?" అంది.

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశారు. తరవాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేలా, పొట్టలు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతున్నారు.

ఇదివరకు మా అమ్మ నవ్విందంటే జెట్టీ చివరున్నవాళ్ళు కూడా పని ఆపి ఇటు తిరిగేవారు. ఆ రోజు ఎవరూ తిరిగి చూడలేదు.